ఆయిల్ నిండుగా ఉంది, ఆయిల్ లైటు వెలుగుతోంది: ఒక బీఎస్6 స్కూల్ వ్యాన్ కేస్ స్టడీ

బండి 2021 మోడల్, బీఎస్6 (పొగ కాలుష్యంపై ప్రభుత్వ ప్రమాణం) పాటించే 13 సీట్ల డీజిల్ వ్యాన్. కామన్ రైల్ ఇంజన్, టర్బో, ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) ఉన్నాయి. సైలెన్సర్ లైనులో ముందు ఆక్సిడేషన్ క్యాటలిస్ట్, దాని వెంటనే మసి పట్టే ఫిల్టర్ డీపీఎఫ్, ఆ వెనక యూరియా చిమ్మే ఎస్‌సీఆర్. వర్క్‌షాప్‌కు వచ్చేసరికి మీటర్ 74,300 కిలోమీటర్లు చూపిస్తోంది. పని విజయవాడలో స్కూలు ట్రిప్పులు: పటమట వైపు పిల్లల్ని ఎక్కించుకుని ఉదయం 7 కిలోమీటర్లు, సాయంత్రం మళ్లీ 7. మధ్యలో స్కూలు గేటు ముందు ఏసీ వేసుకుని ఇరవై నిమిషాలు ఇంజన్ ఆపకుండా స్లోలో నిలబడటం. జనవరి రెండో వారంలో బండిని పక్కన పెట్టాల్సి వచ్చింది.

డ్రైవర్ చెప్పింది చెప్పినట్టు: "మీటర్‌లో మూడు లైట్లు వస్తున్నాయండీ. బండి లాగట్లేదు, ఎంత తొక్కినా 2,500 దాటట్లేదు. సిగ్నల్ దగ్గర ఆగితే ఆయిల్ లైటు మినుకుమంటోంది, కాస్త రేసు ఇస్తే పోతోంది. స్టిక్ తీసి చూశాను, ఆయిల్ నిండుగా ఉంది. సెన్సార్ పోయినట్టుంది, మార్చేయండి."

ఈ చివరి మాట మీదే చాలా బండ్లలో ప్రెజర్ స్విచ్ మారుతుంది. కొత్త స్విచ్‌తో కూడా లైటు వస్తే వైరింగ్ అనుకుంటారు, ఆ తర్వాత ఏకంగా బల్బు కనెక్షనే తీసేస్తారు. ఈ బండిలో స్విచ్ నిక్షేపంగా ఉంది. అది నిజమే చెబుతోంది.

ముందు లైట్లు నిజమైనవో కాదో చూడటం

స్కానర్ తగిలించే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి మీటర్ వైపు చూడాలి. అప్పుడు హెచ్చరిక లైట్లన్నీ ఒకసారి వెలగాలి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లాంటివి కొద్ది సెకన్లలో వాటంతట అవే ఆరిపోతాయి. ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు మాత్రం ఇంజన్ అందుకునేదాకా ఉండాలి. తాళం ఆన్‌లో ఆయిల్ లైటు అసలు వెలగకపోతే సంతోషించేదేమీ లేదు. ఎవరో వైరు పీకారు, లేదా స్విచ్ కనెక్టర్ ఊడింది. పాత బండి కొనేటప్పుడు కూడా ఈ పది సెకన్ల పరీక్ష వదలకూడదు. ఈ వ్యాన్‌లో అన్నీ సక్రమంగా వెలిగాయి. ఇంజన్ అందుకున్నాక మిగిలినవి ఇవి: డీపీఎఫ్ గుర్తు (చుక్కలున్న డబ్బా బొమ్మ) పసుపు రంగులో మెరుస్తూ, చెక్ ఇంజన్ పసుపు రంగులో నిలకడగా, ఇంజన్ వేడెక్కాక స్లోలో ఎర్రటి ఆయిల్ లైటు.

రంగుల సంగతి డ్రైవర్లందరికీ తెలిసిందే, పాటించడమే తక్కువ. ఎరుపు వస్తే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపాలి. పసుపు వస్తే బండి నడుస్తుంది, కానీ గడువు మొదలైనట్టు. ఆకుపచ్చ, నీలం కేవలం సమాచారం. ఇక మెరిసే పసుపు నిలకడ పసుపు కంటే ముదిరిన దశ అని చాలామందికి తెలియదు. డీపీఎఫ్ గుర్తు నిలకడగా ఉంటే "హైవే మీద కాసేపు నడుపు, ఫిల్టర్ కాల్చుకుంటాను" అని అర్థం. మెరవడం మొదలైతే చాలా బండ్లలో ఆ అవకాశం దాటిపోతున్నట్టే. ఏ దశకు ఏ సంకేతం అనేది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి బండితో వచ్చిన పుస్తకంలో ఆ పేజీ ఒకసారి చూసుకోవాలి.

వరుస ముఖ్యం

ఇప్పుడు ఏ లైటు వెలుగుతోందన్న దానికంటే ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది అన్నదే ఎక్కువ చెబుతుంది. డ్రైవర్‌ని తేదీలతో సహా అడిగితే బయటపడిన వరుస ఇది.

నవంబరు చివర్లో డీపీఎఫ్ గుర్తు నిలకడగా వచ్చింది. దాన్ని యూరియా లైటు అనుకుని ట్యాంకు నిండా యూరియా పోయించాడు. ఈ పొరపాటు తరచూ జరిగేదే. యూరియా ద్రావణం ఎస్‌సీఆర్ కోసం, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి. డీపీఎఫ్‌లో మసికీ దానికీ సంబంధం లేదు. లైటు పోలేదు. డిసెంబరు మొదటి వారంలో చెక్ ఇంజన్ వచ్చింది. తెలిసినవాళ్ల దగ్గరున్న చిన్న బ్లూటూత్ రీడర్‌తో కోడ్లు (బండి నమోదు చేసుకున్న తప్పుల నంబర్లు) క్లియర్ చేయించాడు. పది రోజులకు మళ్లీ వచ్చింది, మళ్లీ క్లియర్ చేయించాడు. క్రిస్మస్ సెలవుల తర్వాత పికప్ పడిపోయింది. సంక్రాంతికి ముందు ఆయిల్ లైటు మొదలైంది.

కోడ్లు క్లియర్ చేయడం వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఎంత వేడిగా ఉంది, ఎంత స్పీడులో ఉంది, ఎంత లోడు మీద ఉంది అన్న వివరాల్ని ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఫ్రీజ్ ఫ్రేమ్‌గా దాచుకుంటుంది. క్లియర్ నొక్కితే కోడ్‌తో పాటు ఆ వివరాలూ పోతాయి. రెండుసార్లు ఆధారాలు తుడిచేసుకుని మూడోసారి వచ్చిందీ బండి.

కొలతలు

స్కానర్‌లో పీ2463 (డీపీఎఫ్‌లో మసి పేరుకుంది), పీ2459 (రీజెనరేషన్, అంటే ఆ మసిని కాల్చేయడం, జరగాల్సిన తీరులో జరగడం లేదు) స్థిరంగా ఉన్నాయి. పీ0128 పెండింగ్‌లో ఉంది. కూలెంట్ చేరాల్సిన వేడికి చేరడం లేదని దాని అర్థం. వచ్చిన మూడింటిలో అందరూ వదిలేసేది ఇదే. లైటు వెలిగించనిది, పెండింగ్‌లో ఉన్నది ఎవరికి కావాలి? కానీ ఈ కోడ్ లైటు వెలిగించాలంటే సాధారణంగా వరుసగా రెండు డ్రైవింగ్ సైకిళ్లలో తప్పు కనబడాలి. ఈ మధ్యే క్లియర్ చేశారు గనుక అది పెండింగ్‌లోనే ఉండిపోయింది. పీ2463 ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిస్తే అందులోనూ అదే కథ: ఇంజన్ నడిచి 25 నిమిషాలైంది, కూలెంట్ 61 డిగ్రీలు.

లైవ్ డేటాలో మసి లోడు 128 శాతం. చివరి పూర్తి రీజెనరేషన్ జరిగి 1,140 కిలోమీటర్లయింది. తాళం ఆన్, ఇంజన్ ఆఫ్‌లో డిఫరెన్షియల్ ప్రెజర్ సెన్సార్ (ఫిల్టర్‌కు ముందు, వెనక ఒత్తిళ్ల తేడా కొలిచేది) 0 మిల్లీబార్ చూపింది, అంటే సెన్సార్ మీద అనుమానం అక్కర్లేదు. దాని రెండు రబ్బరు గొట్టాలు చీలలేదు, లోపల నీళ్లు లేవు. వేడి ఇంజన్‌తో స్లోలో 28, 2,500 ఆర్‌పీఎం దగ్గర 190 మిల్లీబార్లు వచ్చాయి. శుభ్రమైన ఫిల్టర్ స్లోలో ఒక అంకె సంఖ్య దాటకూడదు.

ఆయిల్ స్టిక్ తీస్తే మట్టం మ్యాక్స్ గీతకు పైన వేలెడు వెడల్పు ఉంది. స్టిక్ నుంచి చుక్క నూనెలా సాగకుండా నీళ్లలా జారింది. వాసన చూస్తే డీజిల్. పాలలా తెల్లబడలేదు కాబట్టి కూలెంట్ కలవలేదు. ప్రెజర్ స్విచ్ విప్పి, ఆ రంధ్రంలో అడాప్టర్‌తో మెకానికల్ గేజ్ బిగించి చూస్తే వేడి ఇంజన్ స్లోలో 0.4, 2,000 ఆర్‌పీఎం దగ్గర 2.1 బార్. ఈ స్విచ్ సుమారు 0.4 బార్ దగ్గరే లైటు వెలిగిస్తుంది. అందుకే సిగ్నల్ దగ్గర మినుకుమనడం, రేసు ఇస్తే ఆరడం.

ఆయిల్ క్యాన్ బొమ్మ ఆయిల్ మట్టం చెప్పదు, ఒత్తిడి చెబుతుంది. ఈ కేసు మొత్తానికి డ్రైవర్ పడిన బోల్తా ఇక్కడే. మట్టం తక్కువైతే ఒత్తిడి పడిపోవడం ఎంత నిజమో, డీజిల్ కలిసి పలచబడి మట్టం పెరిగినప్పుడు ఒత్తిడి పడిపోవడమూ అంతే నిజం. స్టిక్ మీద ఆయిల్ పోయకుండానే పెరుగుతోందంటే అది తగ్గడం కంటే పెద్ద ప్రమాదం. మరీ పెరిగితే బ్రీదర్ గొట్టం ద్వారా ఇంటేక్‌లోకి (ఇంజన్ గాలి పీల్చే దారిలోకి) పోయి, ఆ ఆయిల్‌నే ఇంధనంగా తాగి ఇంజన్ తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది.

డీజిల్ ఆయిల్‌లోకి రావడానికి ఇతర దారులు కూడా ఉన్నాయి: కారే ఇంజెక్టర్, హై ప్రెజర్ పంపు సీలు. ఇంజెక్టర్ల రిటర్న్ (వాడగా వెనక్కి వచ్చే డీజిల్) నాలుగు సీసాల్లో పట్టి చూస్తే నాలుగూ ఇంచుమించు సమానంగా వచ్చాయి, స్లోలో ఒక్కో సిలిండర్‌కు ఈసీఎం డీజిల్ సర్దే కరెక్షన్ విలువలు కంపెనీ హద్దుల్లోనే ఉన్నాయి. పంపు దగ్గర అనుమానించేదేమీ కనబడలేదు. మిగిలింది రీజెనరేషన్.

ఆగిపోయిన రీజెనరేషన్ ఆయిల్‌ని ఎలా పాడుచేస్తుంది

మసి కాలాలంటే ఫిల్టర్ ముందు దాదాపు 600 డిగ్రీలు కావాలి. ఊళ్లో తిరిగే డీజిల్ బండి పొగ అంత వేడెక్కదు. అందుకని ఈసీఎం ఇంజన్ ఎక్సాస్ట్ స్ట్రోక్ (పొగను బయటికి నెట్టే దశ) వైపు పోతుండగా అదనంగా కొంచెం డీజిల్ చిమ్ముతుంది. అది సిలిండర్‌లో కాలకుండా బయటికి పోయి ఆక్సిడేషన్ క్యాటలిస్ట్‌లో మండి వేడి పుట్టిస్తుంది. ఆ సమయానికి పిస్టన్ కింద ఉంటుంది కాబట్టి చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడకు తగిలి, రింగుల పక్కనుంచి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఒక రీజెనరేషన్ పూర్తయితే కలిసేది కొంచెమే. మొదలుపెట్టడం, మధ్యలో ఆగడం పదేపదే జరిగితే డీజిల్ మాత్రం ప్రతిసారీ దిగుతుంది, మసి మాత్రం కాలదు. పెట్రోలులా ఇది వేడి ఆయిల్‌లోంచి తేలిగ్గా ఆవిరైపోదు. డీజిల్ మరిగేది సుమారు 180 నుంచి 360 డిగ్రీల మధ్య. ఆయిల్ నిలిచే సంప్‌లో అంత వేడి ఎక్కడిది?

మరి రీజెనరేషన్ ఎందుకు ఆగుతోంది? చిన్న ట్రిప్పులు ఒక కారణం, అది అందరూ చెప్పేదే. అయితే ఇదే బండి ఇదే రూట్లో రెండేళ్లు ఏ గొడవా లేకుండా తిరిగింది. మారిందేమిటో చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాల్లో తెలిసింది. రేడియేటర్ పై గొట్టం చేత్తో పట్టుకుంటే, ఇంజన్ బ్లాక్‌తో పాటే అదీ నెమ్మదిగా వేడెక్కుతోంది. థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచే వాల్వ్) ఉన్న బండిలో ఇంజన్ 80 దాటేదాకా ఆ గొట్టం చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా కాలాలి. హౌసింగ్ విప్పితే లోపల ఖాళీ. వాల్వ్ లేదు, చుట్టూ సిలికాన్ పేస్ట్ మాత్రం దండిగా పూసి ఉంది.

గత మేలో ఏసీ వేస్తే వేడెక్కుతోందని ఒక గ్యారేజీలో వాల్వ్ తీసేశారు. కోస్తాలో ఇది పాత అలవాటు. లారీలూ ట్రాక్టర్లూ నడిచిన రోజుల్లో నడిచిపోయింది. బీఎస్4 దాకా పెద్దగా పట్టుకోలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లలో ఫిల్టర్ శుభ్రపడటం కూలెంట్ వేడి మీద ఆధారపడి ఉంది. ఈ ఇంజన్ 70 డిగ్రీలు దాటితే తప్ప రీజెనరేషన్ మొదలుపెట్టదు. వాల్వ్ లేని ఈ బండి స్కూలు గేటు దగ్గర నిలబడినప్పుడు 72కు చేరుతుంది, రీజెనరేషన్ మొదలవుతుంది. బండి కదిలి రేడియేటర్‌కు గాలి తగలగానే 65కు పడుతుంది, ఆగిపోతుంది. వేసవిలో ఎండే ఆ లోటును పూడ్చింది కాబట్టి గొడవ బయటపడలేదు. నవంబరులో పొద్దున చల్లబడ్డాకే మొదటి లైటు వచ్చింది. టెంపరేచర్ గేజ్ కిందికే ఉండటం చూసి డ్రైవర్ "ఇంజన్ చల్లగా ఉంది" అని సంతోషించాడు కూడా. డీజిల్ ఇంజన్‌కు చల్లదనం ఆరోగ్యం కాదు.

ఇంకో మాట. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్‌కు అడుగున రెండో పళ్లెం ఉంటుంది. వేడెక్కాక అది బైపాస్ దారి మూస్తుంది. అలాంటి వాల్వ్ తీసేస్తే కొంత వేడి నీరు రేడియేటర్‌కు పోకుండానే తిరిగి ఇంజన్‌లోకి వెళ్తుంది. చల్లబరచాలని తీసిన వాల్వ్ బండిని ఇంకా వేడెక్కిస్తుంది.

మరమ్మతు, చేసిన వరుసలోనే

నేరుగా స్కానర్‌తో ఫోర్స్‌డ్ రీజెనరేషన్ కొట్టి పంపడం తేలిక. ఇంత పలచబడిన ఆయిల్‌తో ఆ పని చేస్తే టర్బో బేరింగ్‌కు ప్రమాదం, పైగా మరికొంత డీజిల్ సంప్‌లోకి దిగుతుంది. కాబట్టి మొదట ఆయిల్ దించారు. ఈ ఇంజన్‌కు పట్టేది 6.5 లీటర్లు. కొలపాత్రలోకి దిగింది 7.7. పాత ఫిల్టర్ కోసి మడతలు విప్పి అయస్కాంతంతో తడిమి చూస్తే ఇనుప రజను లేదు, రాగి రంగు తళుకు కూడా లేదు. బేరింగులు బతికి ఉన్నాయని మొదటి భరోసా. కొత్త ఫిల్టర్, 6.5 లీటర్ల తక్కువ బూడిద ఆయిల్ (5డబ్ల్యూ30, ఏసీఈఏ సీ3) వేశాక అదే గేజ్ మీద వేడి స్లోలో 1.3, 2,000 దగ్గర 3.5 బార్. ఇక్కడ ఒత్తిడి తిరిగి రాకపోయి ఉంటే దారి వేరు: సంప్ విప్పి బేరింగులు, పంపు చూడాల్సిందే.

ఆయిల్ డబ్బా మీద గ్రేడ్ చూడకుండా "డీజిల్ ఆయిల్ ఏదైనా ఒకటే" అని పాత సీఎఫ్4 రకం 15డబ్ల్యూ40 పోయడం ఇంకో తప్పు. అందులోని సంకలనాలు కాలి బూడిద అవుతాయి. మసి కాలిపోతుంది, బూడిద కాలదు. అది ఫిల్టర్‌లోనే ఉండిపోయి ప్రతి నెలా కొంచెం చోటు తినేస్తుంది.

తర్వాత వాల్వ్. కానీ అసలు మేలో బండి ఎందుకు వేడెక్కిందో చూడకుండా వాల్వ్ పెడితే వేసవికి మళ్లీ అదే గ్యారేజీ, అదే కథ. ముందు బంపర్ విప్పితే ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య గడ్డిపోచలు, దూది, ఎండిన మట్టి కలిసి అట్ట కట్టి ఉన్నాయి. బయటనుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనబడుతుంది. ఇంజన్ వైపునుంచి ముందుకు, తక్కువ ఒత్తిడి నీటితో కడిగారు. వాటర్ వాష్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

కొత్త థర్మోస్టాట్‌ని పెట్టే ముందు గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటర్ పెట్టి చూడటం ఐదు నిమిషాల పని. ఇది 82 దగ్గర కదిలి 95కు పూర్తిగా తెరుచుకుంది. చిన్న గాలి రంధ్రం పైవైపు వచ్చేలా, కొత్త ఓ రింగుతో బిగించారు. సిలికాన్ పేస్ట్ అక్కర్లేదు. దాని ముక్కలు ఊడి రేడియేటర్ గొట్టాల్లో చిక్కుకుంటాయి. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ పోసి, క్యాబిన్ హీటర్ ఆన్‌లో పెట్టి గాలి తీశారు.

మసి లోడు 128 శాతం దగ్గర ఈ ఈసీఎం రోడ్డు మీద రీజెనరేషన్‌కు ఒప్పుకోదు, స్కానర్‌తో సర్వీస్ రీజెనరేషన్‌కు మాత్రం ఒప్పుకుంటుంది. ఇంకా పెరిగి ఉంటే ఫిల్టర్ విప్పాల్సి వచ్చేది. ట్యాంకులో సగం డీజిల్, బ్యాటరీకి చార్జర్, బానెట్ తెరిచి, బండిని సిమెంటు నేల మీద ఆరుబయట నిలబెట్టారు. సైలెన్సర్ కింద ఎండుగడ్డి, ఆయిల్ గుడ్డలు ఉండకూడదు. అగ్నిమాపక సిలిండర్ చేతికందేలా ఉండాలి. 34 నిమిషాలు పట్టింది. ఫిల్టర్ ముందు వేడి 590 నుంచి 630 మధ్య నిలిచింది. 700 దాటితే ఆపేయడానికి ఒక మనిషి స్కానర్ వదలకుండా కూర్చున్నాడు. ఇంతటి మసి ఒక్కసారిగా అంటుకుంటే లోపలి సిరామిక్ పగులుతుంది. పూర్తయ్యాక స్లోలో 4, 2,500 దగ్గర 41 మిల్లీబార్.

అప్పుడు కోడ్లు క్లియర్ చేశారు. క్లియర్ చేయాల్సిన సమయం అదే. ఆటోనగర్ నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద గన్నవరం మీదుగా హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లి వచ్చారు, ఇంజన్ 2,000 ఆర్‌పీఎంకు తగ్గకుండా. కూలెంట్ 84 నుంచి 88 మధ్య కదలకుండా ఉంది. పీ0128 పెండింగ్‌లో కూడా రాలేదు.

డీపీఎఫ్ పీకించి రీమ్యాప్ (ఈసీఎం ప్రోగ్రాం మార్పు) చేయించమని యజమానికి ఎవరో సలహా ఇచ్చారట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద అది అనుమతి లేని మార్పు. అందులోనూ పిల్లలు ఎక్కే బండి. ఆ పని చేయలేదు.

తర్వాత

సర్వీస్ రీజెనరేషన్‌లో కొంత డీజిల్ దిగుతుందని తెలిసిందే కాబట్టి కొత్త ఆయిల్‌ను 1,000 కిలోమీటర్లకే మార్చారు. మట్టం మ్యాక్స్ గీత దాటలేదు. 3,000 దగ్గర చూస్తే రీజెనరేషన్లు ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 350 నుంచి 420 కిలోమీటర్ల దూరంతో, పూర్తిగా జరుగుతున్నాయి. ఆయిల్ లైటు మళ్లీ రాలేదు.

డ్రైవర్‌కు మీటర్ పక్కన అంటించిన చీటీలో ఉన్నది ఇంతే: ఆయిల్ క్యాన్ ఎర్రగా వెలిగితే, ఒక్క సెకను మినుకుమన్నా సరే, పక్కకు తీసి ఇంజన్ ఆపు, ఇంటిదాకా తోలొద్దు. డబ్బా చుక్కల గుర్తు నిలకడగా వస్తే ఆ రోజే గన్నవరం దాకా వెళ్లి రా, మధ్యలో ఆపొద్దు. స్లో స్పీడు ఎప్పుడూ ఉన్నదానికంటే పెరిగి, ఫ్యాను జోరుగా తిరుగుతూ, వేడి వాసన వస్తుంటే ఫిల్టర్ కాలుతోంది, తాళం తీయొద్దు. ప్రతి సోమవారం పొద్దున చల్లటి ఇంజన్‌లో స్టిక్ చూడు. మట్టం తగ్గినా ఫోన్ చెయ్యి, పెరిగినా ఫోన్ చెయ్యి. గేటు దగ్గర ఇరవై నిమిషాలు ఏసీ వేసుకుని నిలబెట్టొద్దు.

చివరిది మాత్రం డ్రైవర్ పాటించలేకపోతున్నాడు, ఏప్రిల్ ఎండలో పిల్లలు ఎక్కేముందు బండి చల్లబడాలి కదా. అందుకని నెలకు రెండు ఆదివారాలు హైవే ట్రిప్పు ఒకటి డ్యూటీ షీటులోనే రాసి పెట్టారు.